చక్రం తిరుగుతోంది గానీ రథం కదల్లేదు

"బాబూ, చక్రం తిరుగుతోంది గానీ రథం కదల్లేదురా."

కిందటేడు భీష్మ ఏకాదశి నాడు మా అమ్మ కువైట్ నుంచి పంపిన వాయిస్ మెసేజ్ ఇది. ఆవిడ అన్నది రథచక్రం గురించి కాదు. నేను రాసిన యాప్‌లో, ఫోను తెర మధ్య గుండ్రంగా తిరిగే చిన్న సున్నా గురించి. దాన్ని మేం బఫరింగ్ అంటాం. హైదరాబాదులో నా ఉద్యోగమే అది. ఒక పెద్ద యాప్‌లో వీడియోలు ఆగకుండా ఆడేలా చూసుకోవడం. ముక్కూ మొహం తెలియని వాళ్లందరి ఫోన్లలో ఆడించేవాణ్ణి, మా అమ్మ ఒక్కదాని ఫోనులో ఆడించలేకపోయాను.

మాది అంతర్వేది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు. లక్ష్మీనరసింహస్వామి గుడి, లైట్‌హౌసు, అన్నాచెల్లెళ్ల గట్టు... బయటివాళ్లకి మా ఊరంటే ఇవే గుర్తు. ఊళ్లోవాళ్లకి మాత్రం ఏడాదంతా ఒక లెక్క, మాఘమాసం ఒక లెక్క. దశమి రాత్రి స్వామివారి కళ్యాణం, మర్నాడు ఏకాదశికి రథోత్సవం. ఎక్కడ ఉద్యోగాలు చేసేవాళ్లయినా ఆ రెండ్రోజులూ ఇంటికి రావాల్సిందే. మా అమ్మ మాత్రం రాలేదు. పద్నాలుగేళ్లుగా రాలేదు.

నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా చెట్టు మీంచి జారి నడుం దెబ్బ తింది. ఆర్నెల్లు మంచం. అప్పులు. అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. కోనసీమలో ఇది కొత్త కథేం కాదు, ఏ వీధికి వెళ్లినా గల్ఫులో ఉన్న అమ్మో, పిన్నో, మేనత్తో ఒకరు దొరుకుతారు. అమ్మకి రెండేళ్లకోసారి రెండు నెలలు సెలవు. ఆ ఇంటివాళ్లు వేసవిలో ఊరెళ్లేటప్పుడు మాత్రమే ఇస్తారు. అంచేత మాఘం ఎప్పుడూ అందదు. నన్ను పెంచింది అమ్మమ్మే.

2020 సెప్టెంబరులో మా రథం కాలిపోయింది. షెడ్డులో ఉన్నది ఉన్నట్టే రాత్రికి రాత్రి మంటల్లో పోయింది. టీవీల్లో, ఫోన్లలో రోజంతా అదే చూపించారు. "ఆ వీడియో మాత్రం ఎక్కడా ఆగకుండా వచ్చిందిరా" అంది అమ్మ ఫోనులో ఏడుస్తూ. 2021 ఫిబ్రవరి కల్లా కొత్త రథం తయారైంది, ఆ మాఘంలోనే రథోత్సవమూ జరిగింది. అమ్మ పెళ్లై ఈ ఊరొచ్చినప్పటి నుంచీ లాగిన తాడు పాత రథానిది. కొత్తది కదలడం ఆవిడ చూడలేదు. "ఒక్కసారి చూడాలిరా బాబూ. గుర్రాలక్క గుడి దగ్గర ఆగేది కూడా చూడాలి" అని ప్రతి మాఘంలో అనేది.

అదేం పెద్ద పని అనుకున్నాను. కొడుకు చేసేదే వీడియో ఉద్యోగం కదా!

నా గొప్ప ఎలాంటిదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 2015లో ఇంజినీరింగులో చేరాను. రోజూ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి నరసాపురం వైపు కాలేజీకి వెళ్లేవాణ్ణి. ఇంటర్నెట్ సెంటర్లో ఏ వీడియో నొక్కినా 'ఫ్లాష్ ప్లేయర్ లేదు' అని వచ్చేది. ఏ ప్లగిన్నూ లేకుండా బ్రౌజరే వీడియో ఆడించుకునే పద్ధతి, అదే హెచ్‌టీఎంఎల్5, 2014 అక్టోబరులోనే అధికారిక ప్రమాణమైంది. కానీ ఆ సెంటర్లో కంప్యూటర్లకి ఆ కబురు అందలేదు. తర్వాత 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. పంటు మీద నిలబడి సినిమాలు చూసే రోజులొచ్చాయి. ఆ పిచ్చితోనే నేను ఈ పనిలోకి వచ్చాను. చదువు డబ్బులు అమ్మవి, పిచ్చి నాది.

సరే, కిందటేడు సంగతికొద్దాం. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచీ రాత్రిళ్లు కూర్చుని అమ్మ కోసం ఒక యాప్ రాశాను. ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ ఒకే కోడ్‌తో యాప్ తయారుచేసే ఫ్లట్టర్ వాడాను. ప్రత్యక్ష ప్రసారానికి వెబ్‌ఆర్‌టీసీ పెట్టాను. 2011లో గూగుల్ అందరికీ ఇచ్చేసిన టెక్నాలజీ అది, 2021 జనవరిలో అధికారిక ప్రమాణమైంది. ఇవాళ మనం బ్రౌజర్లో వీడియో కాల్ మాట్లాడుతున్నామంటే దాని పుణ్యమే. ఇక్కడ చెయ్యి ఊపితే అర సెకను లోపే అక్కడ కనిపిస్తుంది. ఆఫీసు వైఫైలో, నా ఖరీదైన ఫోనులో పరీక్షించాను. అద్భుతంగా ఆడింది. పక్క సీటు వాడికి చూపించి కాలరెగరేశాను కూడా.

ఏకాదశి మధ్యాహ్నం. వీధి నిండా జనం, మేడల మీద జనం. రథానికి తాడు కట్టారు. నేను ఫోను పైకెత్తి ప్రసారం మొదలుపెట్టాను. పైన సిగ్నలు గీతలు నిండుగానే ఉన్నాయి. వీడియో మాత్రం వెళ్లడం లేదు.

ఎందుకు వెళ్లలేదో ఇప్పుడు తేలిగ్గా చెప్పగలను. టవరు ఇచ్చేది అందరికీ కలిపి ఒకే దారి. పంటు మీద యాభై మంది పట్టే చోటికి అయిదొందల మంది వస్తే ఏమవుతుంది? రేవులో మనిషి కనబడుతూనే ఉంటాడు, అవతలి ఒడ్డుకి మాత్రం చేరడు. గీతలు నిండుగా ఉన్నాయంటే టవరు కనబడుతోందని అర్థం, చోటుందని కాదు. అందులోనూ ఫోను నుంచి టవరుకి వెళ్లే దారి, టవరు నుంచి ఫోనుకి వచ్చే దారికన్నా ఇరుకు. అక్కడున్న వేల మందీ నాలాగే వీడియోలు పంపాలని చూస్తున్నారు. వెబ్‌ఆర్‌టీసీకి దాచుకోవడం తెలీదు. అప్పటికప్పుడు తీసింది అప్పటికప్పుడు పంపాలి. దారి మూసుకుపోతే చేతిలో మిగిలేది ఆ తిరిగే సున్నా.

రథం గుర్రాలక్క గుడి దాకా వెళ్లిపోయింది. అక్కడ అమ్మ ఫోనులో చక్రం తిరుగుతూనే ఉంది. "పోన్లేరా, వచ్చే ఏడు చూద్దాం" అంది. ఆ మాట ఎంత మామూలుగా అందంటే, నేను టవరుని తిట్టుకుని ఊరుకున్నాను.

అసలు సంగతి వేసవిలో తెలిసింది.

అమ్మ సెలవుకి వచ్చింది. ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, "ఈ ఫోను మొరాయిస్తోంది, చూడరా" అని చేతికిచ్చింది. పదహారు జీబీల పాత ఫోను. ఫొటోలు తెరిస్తే చాలావరకు ఖాళీ. నాలుగైదు నా ఫొటోలు, ఒకటి నాన్నది.

"అమ్మమ్మ వీడియో ఏదమ్మా?" అన్నాను.

మూడేళ్ల కిందట సెలవుకొచ్చినప్పుడు అమ్మ తీసుకున్న వీడియో అది. పొయ్యి దగ్గర కూర్చుని అమ్మమ్మ పొట్టిక్కలు వేస్తూ, పనసాకు బుట్ట ఎలా కుట్టాలో చెబుతూ, మధ్యలో అమ్మని ఏదో కసురుతూ ఉంటుంది. పదకొండు నిమిషాలు. అమ్మ తిరిగి కువైట్ వెళ్లాక అమ్మమ్మ పోయింది. ఆఖరి చూపుకి అమ్మ రాలేకపోయింది. ఆ వీడియో పెద్దదని వాట్సాప్‌లో వెళ్లలేదు. అందుకే ఇంకెవరి దగ్గరా లేదు.

"నీ యాప్ వేసుకోబోతే చోటు లేదందిరా ఫోను. ఏది తియ్యాలో నాకేం తెలుసు! అన్నిటికన్నా పెద్దది అదే ఉంది. తీసేశా. అయినా చాల్లేదంది, ఇంకొన్ని తీసేశా" అంది అమ్మ, చేటలో బియ్యం ఏరుకుంటూ. నా మొహం చూసి, "ఏం పర్లేదులే, అమ్మ నాకు గుర్తుందిలే" అని కూడా అంది.

ఆ రాత్రి లాప్‌టాప్ తెరిచి నా యాప్ ఎంతుందో చూశాను. 84 మెగాబైట్లు. అందులో అమ్మ ఫోనుకి కావాల్సింది మూడో వంతు కూడా లేదు. ఫోన్లలో ప్రాసెసర్లు రకరకాలుగా ఉంటాయి. ఏ రకానికి ఆ రకం కోడ్ విడివిడిగా ప్యాక్ చేసి, వాళ్ల ఫోనుకి సరిపడేదే పంపవచ్చు. దానికి కమాండ్‌లో ఒక్క మాట అదనంగా కొట్టాలి. నేను కొట్టలేదు. మూడు రకాల ప్రాసెసర్లకి కావాల్సిందంతా ఒకే మూట కట్టి వాట్సాప్‌లో పంపేశాను. నా ఫోనులో 256 జీబీలున్నాయి కదా, ఆ ఆలోచనే రాలేదు. వేసుకున్నాక అది ఇంకా ఉబ్బుతుంది. ఒక్క మాట కొట్టి ఉంటే అమ్మమ్మ మిగిలేదేమో!

పోయిన వీడియో కోసం తెలిసినవన్నీ ప్రయత్నించాను. తీసేసి నాలుగు నెలలైంది, ఆ చోటులో ఈపాటికి వేరేవి చేరిపోయాయి. రాలేదు.

మర్నాడు పొద్దున్న, ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఏ మనిషినీ అడగని ప్రశ్న అమ్మని అడిగాను. "అమ్మా, అక్కడ నువ్వు ఫోను ఎప్పుడు చూస్తావు? ఎక్కడ కూర్చుని చూస్తావు?"

"పగలెక్కడ కుదురుతుందిరా! వాళ్ల భోజనాలు, గిన్నెలు, పిల్లలు. రాత్రి పదకొండు దాటాక నా గదిలో."

"గదిలో వైఫై వస్తుందా?"

"అక్కడికి రాదు. వంటింట్లోనే వస్తుంది. వంటింట్లో ఫోను పట్టుకుంటే మేడమ్ ఒప్పుకోదు. గట్టు మీద పెట్టుకోవచ్చు, అంతే."

మనకీ కువైట్‌కీ రెండున్నర గంటల తేడా. ఇక్కడ మధ్యాహ్నం రథం కదిలే వేళకి అక్కడ వంట వేళ. అంటే నా వెబ్‌ఆర్‌టీసీ అర సెకనులో పరుగెత్తి వెళ్లినా అమ్మ అప్పుడు పొయ్యి దగ్గర ఉంటుంది. కిందటేడు ఆ పది నిమిషాలు ఆవిడ బాత్‌రూములోకి వెళ్లి తలుపేసుకుని చక్రం చూసిందట. ఆవిడకి కావాల్సింది ప్రత్యక్ష ప్రసారమే కాదు. వంటింట్లో ఉండగా నెమ్మదిగా ఫోనులోకి చేరి, రాత్రి నెట్ లేని గదిలో ఆడే వీడియో. యాప్ అక్కర్లేదు. చోటు తక్కువ తినాలి. నేను కట్టిన దానిలో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

ఈసారి యాప్ మానేసి వెబ్ పేజీ రాశాను. ఇప్పటి బ్రౌజర్లలో 'సర్వీస్ వర్కర్' అని ఒకటుంటుంది. మన పేజీకీ ఇంటర్నెట్‌కీ మధ్య కూర్చునే గుమాస్తా అనుకోండి. నెట్ ఉన్నప్పుడు తెచ్చిన సరుకు ఫోనులోనే దాచి, నెట్ లేనప్పుడు ఆ దాచిందే తీసి ఇస్తుంది. ఇలాంటి పేజీలని ప్రోగ్రెసివ్ వెబ్ యాప్‌లు అంటారు. 2015లో పెట్టిన పేరు. నా పేజీ మొత్తం రెండొందల కిలోబైట్లు లేదు. అంటే పాత యాప్ బరువులో ఇలాంటివి నాలుగొందల పైచిలుకు పడతాయి.

ఇక వీడియో. పెద్ద వీడియోని ఒకే ముద్దగా పంపరు, చిన్న చిన్న ముక్కలు చేసి పంపుతారు. యాపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతి ఇదే. ఒక్కో ముక్క ఆరేసి సెకన్లు, ఏ ముక్క తర్వాత ఏది అని ఒక జాబితా. అదే వీడియోని మూడు నాలుగు నాణ్యతల్లో తయారుచేసి పెడితే, నెట్ బాగుంటే మంచి ముక్క, బాగోకపోతే తేలిక ముక్క వెళ్తుంది. మా పంటు కూడా అంతే, గోదారి పోటు మీదుంటే తక్కువ బరువుతో దాటుతుంది, దాటడం మాత్రం మానదు. నా పేజీలో ఈ ముక్కల పద్ధతే ఇంకో పనికొచ్చింది. అమ్మ గిన్నెలు కడుగుతుండగా వైఫై పోయినా, వచ్చిన ముక్కలు వచ్చినట్టే ఉంటాయి. మళ్లీ రాగానే మిగిలినవే తెచ్చుకుంటుంది, మొదటికి రాదు.

వీడియోని కుదించే పద్ధతుల్లో ఏవీ1 కొత్తవాటిలో ఒకటి, 2018లో వచ్చింది. అదే బొమ్మని ఇంకా తక్కువ సైజులో ఇస్తుంది. అలవాటుకొద్దీ దానివైపే చెయ్యి పోయింది. కానీ అమ్మ ఫోనులో దాన్ని విప్పే చిప్ లేదు. చిప్ లేకపోతే ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఫోను పెనంలా వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. అందుకే 2003 నాటి హెచ్.264కే వెళ్లాను. ఎంత పాత ఫోనైనా దాన్ని గుర్తుపడుతుంది.

ఈ ఏడు మాఘం వచ్చింది. తెలిసినవాళ్ల డాబా మీద పొద్దున్నే చోటు పట్టుకుని, ఫోనుని స్టాండుకి బిగించాను. చేత్తో పట్టుకోకపోవడానికి కారణముంది. వీడియో కుదించడమంటే కిందటి బొమ్మకీ ఈ బొమ్మకీ మారని భాగాన్ని మళ్లీ రాయకుండా వదిలెయ్యడం. ఫోను కదిలితే బొమ్మంతా మారినట్టే, ఏమీ మిగలదు. రథోత్సవం అసలే కష్టం. తలలు, చేతులు, జెండాలు అన్నీ కదులుతుంటాయి. వెనక కొబ్బరాకులు కూడా ఊరుకోవు. తక్కువ సైజుకి కుదిస్తే జనమంతా ఉప్మా ముద్దలా అయిపోతారు. స్టాండు మీద పెడితే కనీసం గోపురం, మేడలు, ఆకాశం కదలవు. అక్కడ మిగిల్చింది రథం మీద ఖర్చుపెట్టవచ్చు.

ప్రత్యక్ష ప్రసారం జోలికి పోలేదు. తీసింది తీసినట్టు ఇంటికి తెచ్చాను. నిమిషానికి నూరు మెగాబైట్లు దాటింది. రథం కదిలేది, మలుపు తిరిగేది, గుర్రాలక్క గుడి దగ్గర ఆగేది అన్నీ కలిపి పన్నెండు నిమిషాలకి కత్తిరించాను. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, 2000లో మొదలైంది. ఇవాళ వీడియోతో పనున్న ప్రతివాడూ ఎక్కడో ఒకచోట దాని మీద ఆధారపడేవాడే. దాంతో సెకనుకి 400 కిలోబిట్లకి కుదించాను. నిమిషానికి మూడు మెగాబైట్లు, మొత్తం ముప్ఫై ఆరు. బొమ్మ తగ్గించాను గానీ శబ్దం తగ్గించలేదు. మసగ్గా ఉన్న బొమ్మని కళ్లు సర్దుకుంటాయి, గరగరలాడే శబ్దాన్ని చెవులు భరించలేవు. పైగా మా ఊరి రథం సగం చూసేది, సగం వినేది. ఆ గోవింద నామాలు, డప్పులు, తాడు లాగేటప్పుడు ఒక్కసారిగా లేచే కేక... అవి లేకపోతే అది రథం కాదు, కదిలే కలప.

సాయంత్రానికి కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ మీద ఎక్కించి, అమ్మకి లింకు పంపాను. "ఒకసారి తెరిచి, వంటింట్లో గట్టు మీద పెట్టు. ఆకుపచ్చ గీత నిండాక గదిలోకి తీసుకెళ్లు" అని చెప్పాను. నాలుగొందల కిలోబిట్ల వీడియో గురించి ఆఫీసులో చెబితే నవ్వుతారు. మేం అక్కడ ఫోర్‌కే గురించి మీటింగులు పెడతాం.

అర్ధరాత్రి దాటినా జవాబు లేదు. అక్కడ పది, పది దాటాక పదకొండు. నిద్ర పట్టలేదు. రెండున్నరకి నీలి గుర్తులు పడ్డాయి. ఇంకో అరగంటకి వాయిస్ మెసేజ్. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"చూశానురా. మొత్తం చూశా. రథం బావుంది, పాతదానిలాగే ఉంది. గుర్రాలక్క దగ్గర ఆగినప్పుడు దణ్ణం పెట్టుకున్నా. మలుపు దగ్గర, తెల్ల చొక్కాలో మీ నాన్న కనబడ్డారు. బాగా చిక్కిపోయారు. నడుంకి బెల్టు పెట్టుకోలేదేంటి? అడుగు."

నేను వీడియో తీశాను, కత్తిరించాను, కుదించాను, పది సార్లు చూశాను. నాన్న అందులో ఉన్నట్టు నాకు తెలీదు. వెంటనే తెరిచి చూశాను. ఎనిమిదో నిమిషంలో, ఆ ఉప్మా ముద్దలో, అటూ ఇటూగా పది చుక్కలంత తెల్ల మచ్చ. నడక చూస్తే నాన్నే.

పొద్దున్న లేచాక నాన్నని అడిగాను, బెల్టు ఏదని. "ఎవరు చెప్పార్రా నీకు?" అన్నాడు.

మొన్న అమ్మ ఫోను చేసి, మళ్లీ చోటు లేదంటోందని చెప్పింది. రథం వీడియో జోలికి మాత్రం వెళ్లొద్దన్నాను. తియ్యక తప్పకపోతే నా పాత యాప్ తీసెయ్యమన్నాను.

"అదా? అదెప్పుడో తీసేశాలేరా" అంది.